మెహక్‌ని దింపి రావడం

మా ఇంట్లో గడప దాటే మనిషిని ఎక్కడికి అని అడగరు. పోర్టులో లాంచీ నడిపిన సరంగు ఇల్లు మాది. నీళ్ళ మీదికి వెళ్ళే మనిషిని ఆ మాట అడిగితే వెళ్ళిన పని చెడుతుందని మా నానమ్మ కాలం నుంచీ ఉన్న నమ్మకం. శకునాలూ గికునాలూ మానండని ఆదివారం పూట ఫాదర్ గారు ఎంత మొత్తుకున్నా, ఇంటికొచ్చాక మా అమ్మ ఆరోగ్యమ్మ గేటు దగ్గర నోటికి తాళం వేసుకునే నిలబడేది. మరీ ప్రాణం ఉండబట్టకపోతే "ఎందాకా?" అనేది, అదీ గొణుగుతున్నట్టు. నాన్న రిటైరై చాలా ఏళ్ళయింది. లాంచీ లేదు, డ్యూటీ లేదు. అయినా సాయంత్రం టీ తాగి, చొక్కా వేసుకుని బయల్దేరితే ఆయనకి ఆ మర్యాద జరిగి తీరేది. ఆ మర్యాదే మా కొంప ముంచిందో, తర్వాత మేమే ముంచుకున్నామో నాకిప్పటికీ తేలలేదు.

నేను గోపాలపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫ్రెంచ్ చెబుతాను. కంచరపాలెంలో ఉండి ఫ్రెంచ్ ఏమిటని నవ్వని వాళ్ళు లేరు. ఒకటో తరగతి నుంచే ఫ్రెంచ్ పెడుతున్నారని తెలిసేసరికి ఆ నవ్విన వాళ్ళే, పోయిన ఏప్రిల్లో పరీక్షలవగానే పిల్లల్ని చెయ్యి పట్టుకుని తెచ్చి మా వరండాలో కూర్చోబెట్టారు. అందరూ ఆరేళ్ళ, ఏడేళ్ళ గుంటలు. తెలుగే ఇంకా నోట్లో సరిగ్గా తిరగని వయసు.

అంత చిన్నవాళ్ళకి నేను ముందు ప్రశ్నలే నేర్పుతాను. జవాబు చెప్పమంటే పిల్లలు బల్ల కిందికి దూరతారు, ప్రశ్నలు అడగమంటే మీదపడి అడుగుతారు. మాటకో సైగ పెట్టాను. 'కి' అంటే ఎవరు, ఎదుటి మనిషిని వేలు పెట్టి చూపించాలి. 'ఊ' అంటే ఎక్కడ, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా వెతకాలి. 'కాఁ' అంటే ఎప్పుడు, మణికట్టు మీద వాచీ ఉన్నట్టు తట్టాలి. 'పుర్‌క్వా' అంటే ఎందుకు, బుర్ర గోక్కోవాలి. ఈ ఆఖరిది అందరికన్నా బాగా చేసింది మెహక్. బుర్ర గోక్కోవడం ఆ పిల్లకి పాఠం కాదు, పుట్టుకతో వచ్చిన విద్య.

మా నాన్న సుందర్ రాజ్ కూడా వెనక బల్ల మీద చేరి ఈ పాఠం వినేవాడు. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి? నేర్చుకున్నదంతా ఆయన మీదే ప్రయోగించారు.

"తాతా, కాఁ? నువ్వెప్పుడు పుట్టేవ్?" అంది మెహక్, మణికట్టు తట్టి.

"మీ తాత పెల్లిరోజున. నాకు బిర్యానీ ఎట్టలేదని అప్పుడు ఏడిసిన ఏడుపే, ఇప్పటికీ మానలేదు."

"కి? ఈవిడెవరు?" అని అమ్మని వేలు పెట్టి చూపించారు.

"ఓలమ్మో, వేలెట్టి సూపించకండి. ఎస్పీ గోరు. లోపలేసేత్తారు."

"పుర్‌క్వా? ఎందుకు నవ్వుతన్నావ్?"

"నీ ముందుపల్లు సూసి. అందులోంచి లాంచీ ఎల్లిపోద్ది."

వరండా అంతా ఒకటే కేకలు. అమ్మ కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన ఒక్క ప్రశ్నకి కూడా అసలు జవాబు చెప్పలేదని మాలో ఎవరికీ తట్టలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పరాచికాలాడే మనిషి పరాచికమాడితే అనుమానం ఎందుకొస్తుంది?

మిగతా పిల్లలందరిదీ మా వీధే. మెహక్ ఒక్కతే రైలు పట్టాల అవతలి నుంచి వచ్చేది. కుట్టుమిషన్లు బాగుచేసే అబ్దుల్ వహాబ్ గారి మనవరాలు. ఆయనా నాన్నా కుర్రతనం నుంచీ బావా అంటే బావా అనుకునే వాళ్ళు. ఆ వరసన అమ్మ ఆయనకి చెల్లెమ్మ, నాకాయన మావయ్య. మెహక్ వాళ్ళమ్మ చాంద్ సుల్తానాకి చేతిలో నెలల పిల్ల. మధ్యాహ్నం ఆవిడ ఎలాగో తెచ్చి దింపినా సాయంత్రం రావడం కష్టమంది.

"దానికేటి, నాను దింపేసి వత్తాను" అన్నాడు నాన్న. "ఎలాగూ బావతో టీ తాగాలి కదా."

అమ్మకి ఇది భలే నచ్చింది. "ఇంట్లో కూకుని నా వంటకి వంకలెట్టకుండా ఉంటారు, ఎల్లనీ" అంది.

మొదటిరోజు ఇద్దరూ గేటు దాకా వెళ్ళారు. మెహక్ ఆగి, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "ఊ, తాతా?" అని అడిగింది.

అమ్మ ఉలిక్కిపడింది. "ఓలి, తప్పే! బయల్దేరే మనిషిని అలగ అడక్కూడదు."

"నాను తెలుగులో అడగలేదు కదా మామ్మా. ఫ్రెంచ్‌లో అడిగేను."

అమ్మ నా వైపు తిరిగింది. "ఏటే గ్రేసీ, ఆ ఫ్రెంచోల్లకి ఇలాటి పట్టింపులు లేవేటి?"

"లేవనుకుంటానమ్మా."

"అందుకే ఆల్లకి యానాం నిలబడలేదు."

నాన్న ఆ మాటకి పడీ పడీ నవ్వి, మెహక్ ముందు వంగి చెయ్యి నుదుటికి పెట్టుకున్నాడు. "నన్నడుగుతావేటి కెప్టెన్? నువ్వు సూపించు. నువ్వు ఎటు సెయ్యి సూపిత్తే లాంచీ అటు తిప్పుతాను" అన్నాడు. మెహక్ చెయ్యి చాపి కుడివైపు చూపించింది. లాంచీ కుడికి తిరిగింది.

ఆ రోజు నుంచి అదే ఆట. మలుపు వస్తే నాన్న ఆగి "ఊ?" అంటాడు, పిల్ల చెయ్యి చాపి చూపిస్తుంది, ఇద్దరూ అటు పోతారు. గేటు దగ్గర నిలబడి సందు చివరి దాకా చూసేదాన్ని. ఉక్కపోతకి చొక్కా వీపుకి అంటుకుపోయి ఆయన, రెండు జడలూ ఎగరేసుకుంటూ ఆ పిల్ల. ఇంత మంచి హోంవర్కు నా జన్మలో ఎవరికీ ఇవ్వలేదు కదా అని మురిసిపోయాను. స్కూలు తెరిచాక మిగతా టీచర్లకి చెప్పాలని కూడా అనుకున్నాను. దీపాలు పెట్టే వేళకి నాన్న ఒక్కడూ తిరిగొచ్చేవాడు. ఎక్కడ ఆగారనీ, ఏం చేశారనీ మేం అడిగేవాళ్ళం కాదు. వచ్చిన మనిషిని అడగకూడదన్న నియమం లేదు గానీ, అడగని అలవాటు అటూ ఇటూ పాకేసింది.

మే నెలలో ఎండలు ముదిరాయి. రోహిణి కార్తె ఇంకా రాకుండానే రోళ్ళు పగిలేలా ఉంది. ఒకరోజు చాంద్ సుల్తానా ఫోన్ చేసింది, మెహక్‌కి ఒళ్ళు కాలిపోతోంది, క్లాసుకి పంపడం లేదని. సాయంత్రం మిగతా పిల్లలు వెళ్ళాక నాన్న ఎప్పటిలాగే చొక్కా వేసుకున్నాడు.

"మెహక్ ఇయ్యాల రాలేదు నాన్నా, జొరమట" అన్నాను.

"తెలుసు, తెలుసు. నాను బావ దగ్గరికే."

గేటు చప్పుడైంది. అమ్మ మొక్కలకి నీళ్ళు పోస్తోంది. నేను పిల్లలు కింద పారేసిన చాక్‌పీసు ముక్కలు ఏరుతున్నాను. ఆయన ఏ పక్కకి తిరిగాడో ఇద్దరిలో ఒక్కరం కూడా తలెత్తి చూడలేదు.

దీపాల వేళ దాటింది. గేటు తీసుకుని వచ్చింది నాన్న కాదు, వహాబ్ మావయ్య. నమాజు నుంచి తిన్నగా వచ్చినట్టున్నారు, టోపీ ఇంకా తలమీదే ఉంది. రొప్పుతున్నారు.

"సెల్లెమ్మా, బావకి ఒంట్లో బాగోలేదేటి? ఇయ్యాల రాలేదు" అన్నారు.

"అదేటన్నయ్యా, మీ దగ్గరికే కదా వచ్చేరు" అంది అమ్మ.

ఆయన కాసేపు అమ్మకేసీ, నాకేసీ మార్చి మార్చి చూశారు. గొంతు తగ్గించి నాతో అన్నారు: "ఒక్కడూనా అమ్మా? ఒక్కన్నీ వదిలేసేరా?"

నాకర్థం కాలేదు. "వదిలెయ్యడమేంటి మావయ్యా?"

"నాను రోజూ మీ సందు మలుపు దాకా దింపి ఎల్తాను కదమ్మా. మీ గేటులోకి వచ్చేడా లేదా అని సూసుకుని మరీ ఎల్తాను. మొదట్లో ఒకరోజు ఎల్లొత్తాను బావా అని లేచి, మా కొట్టు ముందే అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు ఏత్తన్నాడు. దారి తెలవలేదు పాపం. నన్ను అడగడానికి సిగ్గు. నాకూ అటేపు పనుందని అబద్ధం ఆడి ఎంట వచ్చేను. అప్పట్నుంచీ రోజూ నాకు ఇటేపు పనే. ఎల్లేటప్పుడు తాతకి దారి నానే సెప్తన్నానని మా మెహక్ కూడా అంది. మీకు తెలుసనుకున్నాం అమ్మా. తెలిసే మా పాపని తోడిచ్చి పంపుతన్నారనుకున్నాం."

అమ్మ చేతిలో బియ్యం చేట కింద పెట్టింది. ఆమె నెమ్మదిగా లోపలికి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చింది.

మా వీధి చివర ఉండే ఎల్లారావు ఆటోలో వెతికాం. పట్టాల వెంబడి, మార్కెట్లో, చర్చి మెట్ల మీద, అన్నిచోట్లా చూశాం. చివరికి గోపాలపట్నం బజార్లో బస్‌స్టాపులో దొరికాడు. ఖాళీ గంపలతో ఇంటికి పోయే ఒక కూరగాయలావిడ పక్కన కూర్చుని ఆవిణ్ణి నవ్విస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. ఆయన కళ్ళు ముందు వహాబ్ మావయ్య మీద పడ్డాయి.

"ఏటి బావా, ఇంత లేటు?" అన్నాడు.

"ట్రాఫిక్ బావా" అన్నారు మావయ్య, చెయ్యందిస్తూ.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఇంత నాజూగ్గా నా తండ్రిని కాపాడింది ఇంకో ఇంటివాళ్ళన్న కృతజ్ఞతో, అది మా చేతుల్లో జరగలేదన్న ఉడుకుమోత్తనమో చెప్పలేను. రెండూ ఉన్నాయి.

పెద్దాసుపత్రిలో ఒక కుర్ర డాక్టరు గారు చూశారు. మంచి మనిషే. నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి మెల్లగా అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఏ నెల అండీ? మనం ఎక్కడున్నాం? ఈవిడెవరు? ఎందుకొచ్చామో తెలుసా? నా పాఠం మొత్తం వరసగా నడుస్తోంది అక్కడ. నాన్న అలవాటు ప్రకారం పరాచికాలు విసిరాడు. ఏ నెలంటే, "జీతం రాని నెల" అన్నాడు. ఎక్కడున్నామంటే, "మీ ముందున్నామండి, ఇంకెక్కడికెల్తాం" అన్నాడు. డాక్టరు గారు నవ్వలేదు. చిన్నబుచ్చనూ లేదు. మళ్ళీ అదే ప్రశ్న అడిగి ఊరుకున్నారు, జవాబు కోసం.

అప్పుడు నాన్న నా వైపు చూశాడు. పాఠం రాని పిల్లాడు పక్కవాడి పలక వైపు చూసే చూపు అది. ఇన్నేళ్ళుగా క్లాసులో ఆ చూపు ఎన్నిసార్లు చూసి ఉంటానో. నాకు తెలియకుండానే నా చెయ్యి మణికట్టు మీదికి వెళ్ళి తట్టింది. నాన్న మొహం విప్పారింది. ఆయన కూడా తన మణికట్టు మీద తట్టి, నాకేసి చూసి, ఎంతో సంతోషంగా నవ్వాడు. జవాబు మాత్రం రాలేదు.

జబ్బు పేరు చెప్పారు. మందులు రాశారు. ముందే తెలిసి ఉంటే కొంత నిదానించేదన్నారు. "ఇంట్లో ఎవరూ గమనించలేదా అమ్మా?" అని అడిగారు.

ఇంటికొచ్చాక అమ్మకి దుఃఖం కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది. "పట్టాల అవతల టీ కొట్టోడికి తెలుసు, మంగలి షాపోడికి తెలుసు. నాతో కాపరం సేసిన మనిషి సంగతి నాకు తెలవదు" అని గోడకేసి తల కొట్టుకుంది. ఆ రాత్రే అలమారలోంచి పాత తాళం తీసింది. తెల్లారి నుంచి గేటుకి తాళం పడింది.

నాలుగు రోజులు చూసి వహాబ్ మావయ్య వచ్చారు. మెహక్‌కి జ్వరం తగ్గిందన్నారు. బెల్లం జీళ్ళ పొట్లం అమ్మ చేతికిచ్చి, వరండాలో అంచున కూర్చున్నారు.

"సెల్లెమ్మా, తాళమెందుకు? మేవున్నాం కదా. నానే వచ్చి తీసుకెల్తాను, నానే తెచ్చి దింపుతాను. ఇన్నాల్లూ జరిగింది, ఇక ముందు జరగదేటి? ఆ నడకే బావకి పేనం."

అమ్మ టీ గ్లాసు ఆయన ముందు పెట్టింది. "మీకెందుకండి వహాబ్ గారూ అంత శ్రమ. ఇప్పటిదాకా సేసిందే సాలు" అంది.

అన్నయ్యా అనలేదు. ఆయనకి తెలిసింది. టీ మొత్తం తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, నాన్న భుజం తట్టి వెళ్ళిపోయారు. అమ్మ గట్టిగా కసిరి పంపినా ఇంత బాధ ఉండేది కాదు. నేను ఆ గుమ్మంలోనే ఉన్నాను. డాక్టరు గారు జాగ్రత్తన్నారు, అమ్మ భయం అమ్మది, కొన్నాళ్ళు పోనీ అనుకున్నాను. ఆ కొన్నాళ్ళే నాన్నకి మిగిలినవని తెలియదు.

జూన్‌లో బడులు తెరిచారు. వరండాలో క్లాసు ఆగిపోయింది. అయినా మొదటి శనివారం సాయంత్రం మెహక్ కొత్త యూనిఫాంలో గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. సందు మలుపులో వహాబ్ మావయ్య టోపీ కనపడుతోంది, ఇటు రాకుండా అక్కడే ఆగారు.

"మామ్మా, తాతని తీసుకెల్తాను. దారి నాకు తెలుసు" అంది మెహక్.

"తాత పడుకున్నాడమ్మా" అంది అమ్మ.

నాన్న పడుకోలేదు. లోపల గదిలో చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చెప్పులేసుకుని, పిలుపు కోసం కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. పిల్ల గొంతు విని లేచి వచ్చాడు కూడా. అమ్మ గది తలుపు దగ్గరగా వేసి, "వద్దండి. బయటకి ఎల్లకూడదు. తాళమేసుంది" అని నెమ్మదిగా చెప్పి మళ్ళీ కూర్చోబెట్టింది. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు చెప్పేదో. ఆయన గేటు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఆమె, ఆమె లేకపోతే నేను. కోప్పడేవాళ్ళం కాదు, ఓపిగ్గానే చెప్పేవాళ్ళం. చిన్నపిల్లలకి అలాగే చెప్పాలి. చెప్పిందే చెప్పాలి.

వానలు పడేసరికి నాన్న చొక్కా వేసుకోవడం మానేశాడు. పరాచికాలు పోయాయి. తిండి తగ్గింది. కాళ్ళు సన్నబడ్డాయి. నవ్వడానికి ఎవరూ రాని ఇంట్లో నవ్వించే మనిషి ఎంతకాలం నిలబడతాడు? అమ్మకి ఆ సంగతి నాకన్నా ముందే తెలిసిందనుకుంటాను. ఆగస్టులో ఒక మబ్బు సాయంత్రం నాతో కూడా చెప్పకుండా గొడుగేసుకుని బయటికెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు వెనకాల వహాబ్ మావయ్య ఉన్నారు. అంతదూరం నడిచి కొట్టుకి వెళ్ళి, అందరి ముందూ అన్నయ్యా అని పిలిచి, రమ్మని అడిగిందట.

అమ్మ తాళం తీసి గేటు బార్లా తెరిచింది. మావయ్య నాన్న చెయ్యి పట్టుకుని లేపారు. "పద బావా, టీ తాగొద్దాం" అన్నారు. నాన్న లేచాడు. చెప్పులు తొడిగించుకున్నాడు. వరండా మెట్లు దిగి, చెయ్యి వదలకుండా గేటు దాకా బుద్ధిగా నడిచాడు. అక్కడ ఆగిపోయాడు. మావయ్య మెల్లగా లాగారు. కదల్లేదు. వెనక్కి తిరిగి అమ్మ మొహంలోకీ, నా మొహంలోకీ చూశాడు.

"ఎల్లకూడదు బావా. తాళమేసుంది కదా" అన్నాడు, ఎదురుగా వీధి అంతా తెరుచుకుని కనిపిస్తుంటే.

ఎంత బతిమాలినా ఆ గేటు దాటలేదు. తనే చెయ్యి విడిపించుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ మెట్టు మీద కూలబడి ఏడ్చింది. వహాబ్ మావయ్య ఆమె పక్కనే నిలబడిపోయారు.

వేసవిలో నేను నేర్పిన మాటలు వరండాలో కూర్చున్న పిల్లలు అప్పటికే సగం మర్చిపోయారు. పిల్లలంతే, మళ్ళీ నేర్పుకోవచ్చు. నాన్నకి మేం నేర్పింది ఒక్కటే, అది ఆయన చివరిదాకా మర్చిపోలేదు.